కిందికి దిగిన రికాబు

ఆల్తాయ్ కనుమ మీది రాళ్ల గుట్టకు ఆనవాయితీగా మూడు చుట్లు తిరిగి, మళ్లీ గుర్రమెక్కిన దుల్మా బెణికిన కుడి పాదానికి జీను రికాబు అందలేదు. ఎవరో దాన్ని జానెడు కిందికి దించారు.

తిరుగుతున్నప్పుడు గుట్ట అవతల అడుగుల చప్పుడు వినిపిస్తే గాలి అనుకుంది. ఇప్పుడు గాలి కూడా లేదు. లోయలో చెల్లెలు ఒంటరిగా నొప్పులు పడుతోంది, వెనక్కి తిరగడానికి వీల్లేదు.

చీకట్లో రాయి దొర్లింది.

"ఎ... ఎవరు?"

"దెయ్యాన్నయితే నీ సంచిలో ఎండు పెరుగు ముక్కలు ముందే మాయం చేసేవాణ్ని," అంటూ గుట్ట వెనక నుంచి మామగారు బయటికి వచ్చారు.

దుల్మాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. "చంపేశారు కదా మామయ్యా!"

"నేనే దించానమ్మా. కాలు బాగాలేదంటే పంపనని నువ్వు దాచావు. తోడొస్తానంటే మొండికేస్తావని నేను చాటుగా నీ వెనకే బయల్దేరాను. దారంతా నీ మూలుగు వింటూనే వచ్చా. ఆ పాదం మీద బరువైనా తగ్గుతుందని, ఉండబట్టలేక దించేశా."