ఐదు గంటలలోపు

ఓట్ల రోజు పదకొండింటికి గని పైకప్పు గొంతు సవరించుకుంది.

రోరీ పలుగు వదిలేసి వెనక్కి దూకాడు. దారంతా రాళ్ళతో పూడిపోయింది. దీపం ఆరిపోయింది.

కెనడాలోని కేప్ బ్రెటన్ దీవి బొగ్గుగనులకి నెత్తిమీద సముద్రం. కప్పు కారడం మొదలెట్టింది. నీళ్ళు మోకాలు దాటి నడుం పట్టుకునేసరికి రోరీకి, పెళ్ళాడతానని మాటిచ్చిన పోస్టాఫీసు పిల్ల మొదలు చిన్నప్పుడు తన్నిన మేక దాకా అందరూ గుర్తొచ్చారు.

అప్పుడు గోడ అవతల టక్ టక్, వెనకే ఓ ముసలి గొంతు.

"ఎవరయ్యా లోపల? బతికే ఉన్నావా?"

"చస్తే పలుకుతానా? తొందరగా తవ్వు, ముసలాడా!"

"తవ్వుతున్నా. ఇది ఎప్పుడో మూసేసిన పాత దారి, మొండికేస్తోంది. నువ్వు మాట్లాడుతూ ఉండు. ఓటేశావా?"

"ఎక్కడ? ఐదింటికి పెట్టె మూసేస్తారు. ఆ ప్రాసర్‌గాడు గెలిచి కూచుంటాడు."

"అతనేం చేశాడు పాపం?"

"నేనొచ్చి రెండేళ్ళే, వాణ్ణి చూళ్ళేదు. వేల్స్ నుంచి దిగి ఇక్కడ గని మేనేజరుగా వెలగబెట్టాడటగా! గనిలో ఎలుకల చేత కూడా అద్దె కట్టించుకున్నాడట. ఇప్పుడు మన తరఫున శాసనసభకి వెళ్తాడట!"

అవతల పలుగు ఆగింది. ఒక్క క్షణమే.

"ఎలుకలు ఒప్పుకుని ఉండవులే," అన్నాడు ముసలాయన. మళ్ళీ టక్ టక్.

గంటలు గడిచాయి. నీళ్ళు గడ్డం అందుకున్నాయి. రోరీ మునివేళ్ళ మీద లేచాడు. మాట ఆగిపోయింది.

"అబ్బీ! పలకవేం? తిట్టు! ఆ ప్రాసర్‌ని ఇంకా తిట్టు!"

"దొంగ... గుర్రాల దాణా... తిన్న..."

"ఆఁ, అలా! ఇంకా!"

ఓ బండ దొర్లింది. సందులోంచి ఓ చెయ్యి వచ్చి రోరీ మణికట్టు పట్టుకుంది. తడిమితే మూడే వేళ్ళు. ఆ మూడూ ఇనప కొక్కేల్లా బిగిశాయి. నీళ్ళూ రోరీ కలిసి అవతల పడ్డారు.

పాత దారి ఊరికి దూరంగా కొండచరియలో తేలింది. వెలుగులో చూస్తే ఇద్దరి మొహాలూ ఒకటే బొగ్గు.

ముసలాయన జేబు గడియారం తీశాడు. "నాలుగున్నర. పరుగెత్తు, నాయనా. అందుకుంటావు."

"నువ్వు రావా?"

"లోపల ఇంకెవరైనా ఉన్నారేమో చూసొస్తా."

రోరీ ఆ బొగ్గు మొహంతోనే పరుగెత్తాడు. పెట్టె మూయబోతుండగా, ప్రాసర్ మీద పోటీకి నిలబడ్డ బట్టల కొట్టు మెకిన్నన్‌కి ఓటు పడేశాడు.

పొద్దుగూకేవేళ బడి ముందు లెక్క చదివారు. ప్రాసర్ ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

"ఒక్కటే! అది నాదే!" రోరీ గంతేశాడు.

"చిత్రం, ఆయన ఓటు ఆయనే వేసుకోలేదు," అన్నాడు లెక్క చదివిన గుమాస్తా. "మధ్యాహ్నం నుంచి మనిషి జాడే లేదు."

జనం పక్కకి జరిగారు. "దారివ్వండర్రా, ఓడిన ప్రాసర్ దొర వస్తున్నాడు!"

ఆ మొహం చూడ్డం ఇష్టంలేక రోరీ వీపు తిప్పాడు.

వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"అందుకున్నావా, నాయనా?"

రోరీకి వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది. భుజం మీదున్న వేళ్ళు మూడే.