ఇంకోటి లేదా బాబాయ్?

ఈసారి కూడా ఓడిపోతే ల్యాబులో ఎలా తలెత్తుకోవాలా అని మురుగు బాబాయ్‌కి బెంగ పట్టుకుంది. నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఒక్కసారైనా గెలిచి వెళ్ళాలని పట్టుదల.

ఆయన పని ఫేజ్‌ల వేట. ఫేజ్ అంటే బాక్టీరియాని చంపే వైరస్. అది పుష్కలంగా దొరికేది మురుగు కాలవల్లో కాబట్టి ఆయనకా పేరు స్థిరపడిపోయింది.

ఎదుటి బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిది బాక్టీరియా పక్షం. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఓ మొండిఘటాన్ని పెంచుతోంది. లోపలికి ఫేజ్ అడుగు పెడితే చాలు, ఆ బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ రాసేస్తుంది. మామూలు పద్ధతికి పూర్తిగా ఎదురు రాత! అందులోంచి పుట్టిన ప్రోటీన్ ఆ బాక్టీరియా కణాన్నే ఉన్నపళంగా స్తంభింపజేస్తుంది. ఇక ఫేజ్ పిల్లల్ని పెట్టేదెక్కడ?

బాబాయ్ తెచ్చినవన్నీ అలాగే మట్టికరిచాయి.

"మీ బుజ్జిగాడే మళ్ళీ గెలిచాడమ్మా," అనేవాడు మూతి ముడుచుకుని.

"ఇంకోటి లేదా బాబాయ్?" అనేది ఆ పిల్ల.

ఎంత పొగరు! ఓడినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా? అక్కడితో ఆగితేనా! నిన్న రబ్బరు బూట్లు తొడుక్కుని ఆయనకంటే ముందే కాలవ గట్టున తయారైంది. సీసాలన్నీ తనే మోసింది. దగ్గరుండి ఓడించడమంటే ఎంత సరదానో అనుకుని బాబాయ్ కుతకుత ఉడికిపోయాడు.

ఇవాళ పొద్దున్నే ఇద్దరూ ఇన్‌క్యుబేటర్ తెరిచారు. నిన్న దొరికిన ఫేజ్‌ని బాక్టీరియా మీద వదిలిన ప్లేటుని బాబాయ్ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. బాక్టీరియా పొర నిండా జల్లెడలా చిల్లులు. చిల్లు పడిన ప్రతిచోటా బాక్టీరియా చచ్చినట్టే.

"గెలిచాను!" అని కేకేసి, వయసు మరిచిపోయి గెంతాడు. ల్యాబంతా చప్పట్లు.

తీరా చూస్తే ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది.

బాబాయ్ ప్రాణం చివుక్కుమంది. వెధవ పంతం! ముచ్చటపడి పెంచుకున్నదాన్ని చంపి, పైగా సంబరమా?

"ఊరుకో తల్లీ. నాకీ గెలుపూ వద్దు, పాడూ వద్దు. ఈ ఫేజ్‌ని ఇప్పుడే పారబోసేస్తాను," అంటూ ట్యూబు మూత తీయబోయాడు.

ఆ పిల్ల ఒక్క గెంతులో వచ్చి ట్యూబుని రెండు చేతులా ఒడిసిపట్టుకుంది.

"మందులేవీ పనిచెయ్యట్లేదని మా ఆయన కాలు తీసేస్తామంటున్నారు బాబాయ్, ఆ కాలి పుండులోదే ఈ బాక్టీరియా!"