ఖాళీ ఆకాశం

"నేను పోతున్న భయ్యా, ఇగ ఆ చుక్కలతోనే ముచ్చట పెట్టుకో" అంటూ రూమ్మేటు లింగయ్య సెలవులకు వెళ్లిపోయి వారమైంది. ఢిల్లీ జియా సరాయ్ గదిలో హేమసుందర్ ఒక్కడే మిగిలాడు. తెల్లారేసరికి గైడుకు లెక్క అప్పజెప్పకపోతే పీహెచ్‌డీ గోవిందా. పోయిన చలికాలం కొండమీది టెలిస్కోపు పేలిపోయిన చుక్క శిథిలం క్రాబ్ నెబ్యులానూ, పక్కనున్న ఖాళీ ఆకాశాన్నీ చూసింది. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేవే నెబ్యులా పంపిన గామా కిరణాలు. ఖాళీకి విలువ లేదు, అంతే.

తోడుగా ఉంటుందని ఆ ఖాళీ ఆకాశపు రికార్డునే, ఒక్కో మెరుపుకు ఒక్కో టిక్కుగా, స్పీకర్లో పెట్టాడు. చినుకుల్లా టిక్కులు పడ్డాయి. ఊసుపోక బల్లమీద మూడుసార్లు కొట్టాడు. టిక్కులు ఆగి, సరిగ్గా మూడుసార్లు మోగాయి.

"ఎవరది?" అన్నాడు.

తీసివేత మీట మీద వేలు పెట్టాడు; నొక్కితే ఆ ఖాళీ ఆకాశం లెక్కలోంచి పోతుంది. టిక్కులు గబగబా, బతిమాలుతున్నట్టు మొదలయ్యాయి. ఈ సెలవుల్లో అతనికి జవాబిచ్చింది అదొక్కటే.

కిటికీ తెల్లబడుతోంది. వేలు ఇంకా మీటమీదే ఉంది.