చూరు నీళ్ళు

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పాత చర్చిలను బాగుచెయ్యడం ఒక జబ్బులా పట్టుకుంది. మా సఫోక్ పల్లెలోని ఐదువందల ఏళ్ళ చర్చినీ వదల్లేదు. ఉత్తరపు చూరు పొడవునా వాననీళ్ళు పట్టి మళ్ళించే సీసపు దోనె బిగించి, పనివాడు జేబెజ్ నిచ్చెన తీసేయబోతుంటే ముసలి కెజయా అడ్డం వచ్చింది.

"ఆ దోనె ఊడబీకు, అబ్బాయ్."

"బావుంది అవ్వా! చూరు నీళ్ళకి గోడ నానిపోతోందనేగా పాదిరిగారు పెట్టించింది?"

"ఆ నీళ్ళ కోసమే నా బిడ్డని ఇక్కడ పూడ్చుకున్నా. బాప్తిస్మం కాకుండానే పోయింది. సమాధుల మధ్య చోటు లేదన్నారు. చర్చి కప్పు మీంచి జారే వాననీళ్ళే దానికి బాప్తిస్మం. నువ్వు దోనె పెట్టిన దగ్గర్నుంచి ఏడుస్తోందిరా."

"అది దోనెలో నీళ్ళ చప్పుడవ్వా."

"వానేదీ?"

జేబెజ్ నవ్వబోయి ఆగిపోయాడు. పొడిమట్టిలోంచి సన్నగా ఏడుపు వినబడుతోంది.

మళ్ళీ నిచ్చెనెక్కి, ఆమె చూపించిన చోట దోనెకు చిల్లు పెట్టాడు. తర్వాత నిచ్చెన కాస్త పక్కకు జరిపి, ఇంకో చిల్లు పెట్టాడు.

"అదెవరికి?" అంది కెజయా.

"తెలీదవ్వా. వానొస్తే చాలు, మా అమ్మ సరిగ్గా ఈ చోటికొచ్చి తడుస్తూ నిలబడేది. పిచ్చనుకునేవాళ్ళం."