ఈశాన్యంలో పీత

"తాళంచెయ్యి అమ్మ దగ్గరుంటది. సాయంత్రం ఐదు దాటినంక తీస్తది" అన్నాడు పవన్, వరండా గ్రిల్లుకు తాళం బిగిస్తూ.

లోపల ఊచలు పట్టుకుని నిలబడింది స్నేహలత. "ఇయ్యాల్నే ఆఖరు రోజండీ. ఐదింటి లోపల సర్టిఫికెట్లు చూపెట్టి దస్కతు పెట్టకుంటే నా టీచరు పోస్టు ఇంకొకలకు పోతది."

"పోనీ. చీరెల షాపు పెట్టుకోని, పెండ్లాన్ని తొర్రూరు బస్సుల రోజూ నిలవడి పొమ్మంటనా? బజార్ల నలుగురు నవ్వుతరు. నీ ఫైలు బీరువల పెట్టిన. బీరువ తాళం నా జేబుల ఉన్నది. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యొద్దట! ఆ ముక్క చెప్పి, బండెక్కి, హన్మకొండ చౌరస్తాలోని షాపుకు వెళ్ళిపోయాడు మహానుభావుడు.

అత్త శకుంతల గ్రిల్లు తాళంచెయ్యి కొంగున ముడేసుకుంది. "నన్నేం అడగకు బిడ్డా. వాని మాట కాదంటే ఇల్లు పీకి పందిరేస్తడు" అని టీవీ ముందు కూర్చుంది.

పన్నెండైంది. రెండైంది. స్నేహలత వరండాలోకి వెళ్ళడం, ఊచలు పట్టుకోవడం, మళ్ళీ హాల్లోకి రావడం. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ముఖం కడుక్కుంది, మళ్ళీ ఏడ్చింది. గుమ్మం దాటితే చాలు, ఫైలు లేకపోయినా సర్టిఫికెట్లు చూసే ఆఫీసరు కాళ్ళు పట్టుకుని ఒక్కరోజు గడువడుగుదామని ఆశ. ఆ గుమ్మమే కదా దాటలేనిది.

మూడు కావస్తుండగా హాల్లోంచి శకుంతల కేక వినబడింది. "అయ్యో, అయ్యయ్యో! పీత సచ్చిందే!"

హాల్లో ఈశాన్యం మూల మూరెడు అద్దాల తొట్టి ఉంది. వాస్తు పంతులు చెప్పాడని పవన్ పెట్టించాడు. ఉప్పు కలిపిన నీళ్ళలో ఆరు ఎర్ర రొయ్యలు, శనగగింజంత పీత ఒకటి. ఖాళీ నత్తగుల్లలో దూరి బతికే జాతి అది. కొనడం వరకే పవన్ పని, మేత వేసేదీ నీళ్ళు మార్చేదీ స్నేహలతే. ఉన్న గుల్ల ఇరుకవుతోందని పోయిన వారమే ఇంకాస్త పెద్ద గుల్ల తెప్పించి ఇసుకలో పెట్టింది.

స్నేహలత పరుగున వచ్చి చూసింది. పాత గుల్ల ఖాళీగా పడి ఉంది. పక్కనే కాళ్ళు, డెక్కలు, మీసాలతో సహా పీత వెల్లకిలా పడి ఉంది. ఒక రొయ్య వచ్చి దాని కాలు పీకుతోంది.

చచ్చిపోలేదది. స్నేహలతకు చూడగానే తెలిసిపోయింది. పాము కుబుసం విడిచినట్టు పీత కూడా పాత తోలు విడుస్తుంది. రాయి వెనక పెద్ద గుల్లలోంచి రెండు మీసాలు కదులుతూనే ఉన్నాయి. "బతికే ఉందత్తమ్మా" అనబోయింది. అప్పటికే శకుంతల ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టేసింది.

"ఒరే పవనూ, ఈశాన్యంల పీత సచ్చిందిరా!"

అవతలి నుంచి పవన్ "నీకు సక్కగ కనవడ్డదా? స్నేహను చూడమను" అన్నాడు.

స్నేహలత కుబుసం వంకే చూస్తూ "కదుల్తలేదండీ" అంది. అందులో అబద్ధమేముంది!

"అమ్మా, పంతులు ఏమన్నడు? ఈశాన్యంల జీవి సస్తే ఇంటి యజమానికి గండమన్నడు. పొద్దు గూకకముందే ఇల్లాలు ఒక్కతే పొయ్యి చెరువుల కలపాలన్నడు!" అన్నాడు పవన్.

"మరి నువ్వేమో గ్రిల్లు తియ్యద్దంటివి."

"నాకు గండమంటాంటే నీకు గ్రిల్లు ముచ్చటేందే! తియ్యమ్మా, జల్ది తియ్యి!"

శకుంతల చెంచా తెచ్చి తొట్టి మీదికి వంగింది. సరిగ్గా అప్పుడే రాయి వెనక నుంచి పెద్ద గుల్ల టుకుటుకుమని బయటికి నడిచొచ్చింది. స్నేహలత గబుక్కున అడ్డం వచ్చి అద్దానికి వీపు ఆనించి నిలబడింది. శకుంతల కళ్ళద్దాలు సవరించుకుని, కుబుసాన్ని పైకి తీసి లోపలికి వెళ్ళింది.

కాసేపటికి మూతి బిగించిన గుడ్డసంచితో వచ్చింది. "చెరువు కాడికి పోయినంకనే ముడి విప్పు. ఎనుకకు తిరిగి చూడకు."

గ్రిల్లు తాళం కిర్రుమంది.

ఆఫీసుకని ఆటో ఎక్కింది స్నేహలత. నమ్మి తలుపు తీసిన పెద్దదాన్ని మోసం చేశాను కదా అనుకుంది. దారిలోనే కదా, ఆ చెరువు మాటన్నా నిజం చేసి పోదామని వడ్డేపల్లి చెరువు దగ్గర దిగింది. మూడున్నర. గట్టున కూర్చుని ముడి విప్పింది.

పైన కొబ్బరికాయ. దాని కింద పాత చీర ముక్క. అందులో తన ఫైలు! డిగ్రీ, బీఎడ్, మెమోలు, హాల్‌టికెట్, అన్నీ ఉన్నాయి. సంచంతా దులిపింది. పీత కుబుసం మాత్రం లేదు.

వెంటనే అత్తకు ఫోన్ చేసింది. "అత్తమ్మా, ఫైలు... బీరువ తాళం ఆయన దగ్గర..."

"ఆ బీరువ నా పెండ్లికి మా నాయిన పెట్టింది. దానికి రెండు తాళంచెవులని వానికేం ఎరుక?"

"మరి సంచిల పీత లేదత్తమ్మా."

"పీత సంచిల ఎందుకుంటది బిడ్డా? అది పొద్దుగాల్నే పెద్ద గుల్లల దూరింది, నేను జూడలేదా? నువ్వింక చెరువు కాడ్నే ఉన్నవేంది, ఉరుకు, ఆఫీసు ఐదింటికి బందైతది!"