కింది గది

"కింది గదిలో ఎవరు పడుకుంటారమ్మా?"

మిషన్ తొక్కుతున్న టైలరమ్మ కాలు ఠక్కున ఆగింది.

గుమ్మంలో ఎవరో ముసలాయన. భుజాన సంచి, చేతిలో చిన్న నల్ల డబ్బా. రెండు మెట్లెక్కినందుకే రొప్పుతున్నాడు.

"మా పాప. ఎందుకు?"

"కిటికీలు మూసుకునే పడుకుంటుందా?"

ఆమె భర్త బస్సు డ్రైవరు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు.

"రేడాన్ అని ఒక గాలి ఉందమ్మా. నేల పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. రంగుండదు, వాసనుండదు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. అదెంతుందో తెలియాలంటే ఈ డబ్బా నాలుగు రోజులు కింది గదిలో ఉంచండి. తలుపులూ కిటికీలూ తెరవొద్దు."

డబ్బా పెట్టేసి వెళ్ళిపోయాడు.

అద్దెవాళ్ళ వీధి అది. పాతవాళ్ళు లేరు. ఒకరికొకరే కాపలా. పక్కింటి వదిన పరుగున వచ్చింది.

"నిన్నూ అడిగాడా, ఎవరెక్కడ పడుకుంటారని? కన్నం వేసేవాడు కూడా ఇంత వివరంగా అడగడే! ఆ డబ్బాలో మైకుందేమో!"

"అమ్మో! పారేయనా?"

"పారేస్తే పగబడతాడు."

టైలరమ్మ డబ్బాను స్టీలు గిన్నెలో పెట్టి, మూత బిగించి, చుట్టూ టేపు వేసింది. ఇప్పుడేం వింటాడో విననీ!

నాలుగో రోజు బయటికి తీసి, ఏమీ ఎరగనట్టు కింది గదిలో బల్ల మీద పెట్టింది. ఆయన వచ్చి పట్టుకెళ్ళాడు.

రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, వీధిలో పదకొండిళ్ళలో ఎక్కువగా ఉంది. మీ ఇంట్లో మాత్రం ఏమీ లేదని వచ్చింది."

"అయితే మంచిదేగా!"

"మంచిది కాదమ్మా. ఈ ఇంట్లో లేకపోవడమేమిటి? ఇంకొక్కసారి పెట్టనివ్వండి. అందాకా పాపను పైన పడుకోబెట్టండి. ఆ గది సంగతి నాకు..."

"ఆ గది సంగతి నీకెలా తెలుసయ్యా?" వదిన గొంతు ఖంగుమంది. "ఎప్పుడు దూరావు లోపలికి?"

జనం పోగయ్యారు. ఎవరో సంచి లాగేశారు. డబ్బాలు రోడ్డంతా దొర్లాయి.

ఆయన వాటిని ఏరుకోలేదు. టైలరమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఆమె తలుపు వేసి గడియ పెట్టింది.

ఆ రాత్రీ పాప కింది గదిలోనే పడుకుంది. ఆ తర్వాత రెండేళ్ళూ అక్కడే.

అప్పుడొచ్చాడు ప్రభుత్వ అధికారి, రేడాన్ కొలిచే మీటరు పట్టుకుని. కింది గదిలో దాన్ని నాలుగు రోజులుంచి, అంకె చూసి, ఇంకోసారి చూశాడు.

"ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లుందమ్మా. పాపను ఈ క్షణమే పైకి మార్చండి."

టైలరమ్మ గోడ పట్టుకుంది.

"అప్పుడు మీ ఆఫీసు పెద్దాయన ఒకరు వచ్చారు సార్. మేమే... ఆయన్నోసారి పిలిపిస్తారా? కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయన మా మనిషి కాదమ్మా. సొంతంగా తిరిగేవారు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి మమ్మల్ని ఈ వీధికి రప్పించారు. పోయిన నెలే కన్నుమూశారు."

"మరి మా ఇంటి గురించి ఆయనకెలా తెలుసు?"

అధికారి పాప మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇరవయ్యేళ్ళ కిందట ఈ ఇంట్లో అద్దెకున్నది ఆయనేనమ్మా, ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన వాళ్ళమ్మాయి పడుకున్నది ఈ గదిలోనే."