పడగ్గదికి ఆరు లైట్లు

“మంచం పైన పెట్టమన్న లైట్లు గోడల పక్కకి ఎందుకు పోయాయి బాబాయ్?”

నజీరుద్దీన్ నిచ్చెన మీది నుంచి కిందికి చూశాడు. ముప్పై ఏళ్లుగా తెనాలిలో ఇళ్లకు కరెంటు పని చేస్తున్న మనిషి. ఎవరింట్లో ఏ వైరు ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడు వైదేహి అడిగిన ఈ చిన్న ప్రశ్నకు నీళ్లు నమిలాడు.

“సార్ మార్చమన్నారమ్మా.”

సార్ అంటే రమేష్ బాబు, సాక్షాత్తూ ఆవిడ మొగుడు. “ఇల్లు నీ ఇష్టమొచ్చినట్టు బాగుచేయించుకో, నేను వేలు పెట్టను” అని రెండు నెలల కిందట మాటిచ్చిన మహానుభావుడు.

ఆ మాట నమ్మి వైదేహి కొట్ల చుట్టూ ఎంత తిరిగిందో! సీలింగులో ఒదిగిపోయే ఎల్‌ఈడీ లైట్లు కావాలి. ఆసుపత్రిలో లాగా తెల్లగా ఉండకూడదు, మరీ పచ్చగానూ ఉండకూడదు. వెలుగు తగ్గించినప్పుడు మిణుకుమిణుకుమనకూడదు. ఏ లైటుకైనా వెలుగు తగ్గించే డిమ్మర్ ఏదైనా సరిపోతుందని కొట్టువాడు దబాయిస్తే, నజీరుద్దీన్ అక్కడికక్కడే రెండూ కలిపి వెలిగించి, టపటపా కొట్టుకుంటున్న లైటును చూపించి వాడి నోరు మూయించాడు. చివరికి జత కుదిరింది. గుండ్రంగా తిప్పుకునే ఇత్తడి రంగు డిమ్మర్ మీద ఆవిడ మనసు పడింది. “ఇదేంటి బాబాయ్, ఇంత బిగువు?” అని రెండు చేతులతో తిప్పి నవ్వేసింది. నజీరుద్దీన్ రెండు వేళ్లతో తిప్పి చూపించాడు. పక్కనే ఉన్న రమేష్ బాబు ఫోనొచ్చిందంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఆ తరవాత బాపట్లలో టీచర్ల శిక్షణ ఉంటే వైదేహి మూడు రోజులు అక్కడే ఉండి వచ్చింది. మూడే మూడు రోజులు! వచ్చి చూస్తే ఆరు లైట్లూ గోడల వెంట బారుతీరి ఉన్నాయి.

“నా డిమ్మర్లేవి?”

“వాపసిచ్చేశారమ్మా. రిమోట్‌తో పనిచేసేవి తెచ్చారు.”

“స్విచ్‌బోర్డు నడుం కిందికి దిగిందేంటి? బాత్‌రూం గుమ్మం ఇంత వెడల్పెందుకు? మనకేమన్నా ఏనుగుందా?”

“నన్నడక్కమ్మా. సార్నే అడుగు.”

“బాబాయ్ అని పిలుస్తున్నాను. చెప్పకపోతే ఇంకెప్పుడూ అలా పిలవను.”

నజీరుద్దీన్ నిచ్చెన దిగాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకి బోర్డు అందాలన్నారు. రోజంతా పైకి చూస్తూ పడుకునేవాళ్లకి లైటు కళ్లల్లో కొట్టకూడదన్నారు. అంతేనమ్మా నాకు తెలిసింది.”

వైదేహికి ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అత్తగారు! రేపల్లెలో పెద్దకొడుకు దగ్గరుండే కనకలక్ష్మి నిరుడు జారిపడి, అప్పటి నుంచీ మోకాళ్లంటూ మూలుగుతోంది. ఈ మధ్య తల్లీకొడుకులు ఫోన్‌లో గుసగుసలాడుకోవడం, వైదేహి గదిలోకి రాగానే మాట మార్చడం కూడా జరుగుతోంది. అంటే ఈ కింది గది ఆవిడకి, వైదేహికి పైగది అన్నమాట!

ఒళ్లు భగ్గున మండింది. అత్తగారు రావడం గురించి కాదు. రమ్మంటే తను కాదంటుందా? కాదనేంత రాక్షసా? ఇరవై ఏళ్లుగా ఏదీ దాచని మొగుడు అనుకుంది. నీరసంగా ఉందని చూపిస్తే తనకి విటమిన్లు తక్కువయ్యాయని గుంటూరు డాక్టరు చెప్పాడంటూ, రోజూ మాత్రలు చేతిలో పెట్టి మంచినీళ్లందించే మొగుడు. అలాంటి మనిషి వెనకాల ఇంత నాటకమాడతాడా?

సాయంత్రం చెప్పులు విప్పుతుండగానే అడిగేసింది. “మీ అమ్మగారు ఎప్పుడొస్తున్నారు?”

రమేష్ బాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. “నీకెవరు చెప్పారు?”

“అంటే నిజమేనన్నమాట!”

“వచ్చే నెల. నీకు చెబ్దామనే...”

“ఎప్పుడు? నా మంచం మేడ మీదికి ఎక్కించాకా?”

అతను ఏదో అనబోయాడు. “ఇప్పుడు కాదు వైదేహీ” అని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ వెళ్లిపోవడంతో ఆవిడకు మొగుడి మీద మిగిలిన ఆ కాస్త నమ్మకమూ పోయింది.

మర్నాడు ఆదివారం. పొద్దుటి బండికే రేపల్లె వెళ్లింది. బావగారి ఇంటి గేటు తీసేసరికి, కనకలక్ష్మి వడియాల బుట్ట చంకన పెట్టుకుని డాబా మెట్లు చకచకా దిగుతోంది.

“రామ్మా, రా! ఒక్కదానివే వచ్చావేంటి?”

వైదేహి కళ్లప్పగించి చూసింది. “మీ మోకాళ్లు?”

“ఆ కషాయంతో ఎప్పుడో తగ్గాయే. కూర్చో, కాఫీ పెడతాను.”

వసారాలో సర్దిన పెట్టె కనబడింది. దాన్ని చూడగానే వైదేహికి దుఃఖమూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“కాఫీ వద్దత్తయ్యా. మీరు రావడం నాకు బాధ కాదు. నా ఇంట్లో గోడలు పగలగొడుతుంటే మేస్త్రీకి తెలుసు, కరెంటు బాబాయికి తెలుసు, మీకు తెలుసు. నాకొక్కదానికే తెలీదు. మొగుడూ అత్తా కలిసి నన్ను ఇంత పరాయిదాన్ని చేస్తారా? పైగా మెట్లు ఇలా దిగుతున్న మీకు చక్రాల కుర్చీ ఎందుకండీ?”

కనకలక్ష్మి బుట్ట కింద పెట్టేసింది. దగ్గరికొచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

“వాడు నీకింకా చెప్పలేదా తల్లీ?”

“ఏం చెప్పలేదు?”

“ఆ కుర్చీ నీకేనమ్మా.”